రేపు తెలియని ఊళ్ళో మామిడి టెంక ఎవరు పాతుతారు?

మా నాన్న పాతిన ఆఖరి మామిడి టెంక 2005 వేసవిది. ఆ మరుసటి ఏడాది మా ఊళ్ళో ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి వెళ్ళారు. పోలవరం నిండితే నీళ్ళు ఎంత ఎత్తుకి వస్తాయో చెప్పే గుర్తులవి. అప్పట్నుంచి మా ఇంట్లోనే కాదు, మా ఊళ్ళో ఎవరూ మామిడి పెట్టలేదు, జీడిమామిడి పెట్టలేదు. పెట్టొద్దని ఎవరూ చెప్పలేదు. మామిడి కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు పడుతుంది. ఆరేడేళ్ళకి మనం ఇక్కడ ఉంటామో లేదో తెలియనప్పుడు టెంక పాతడానికి చెయ్యి రాదు, అంతే.

కాఫర్ డ్యామ్ వెనక నీళ్ళు ఎగదన్ని మా దేవీపట్నం మండలం ఊళ్ళు మునిగింది 2019 ఆగస్టులో. అంటే నీళ్ళు రావడానికి పదమూడేళ్ళ ముందే మా ఊరు ఆగిపోయింది. మునిగిన ఊళ్ళ గురించి మనవాళ్ళు చాలా రాశారు. మునుగుతామని ఎదురుచూస్తూ కూర్చున్న ఊళ్ళ గురించి తక్కువ రాశారు. ప్రభుత్వ కాగితాల్లో అయితే ఆ పదమూడేళ్ళు అసలు లేవు. ఆ ఏళ్ళ గురించే నా వ్యాసం. ప్రభుత్వం చెప్పే మాటనీ, మనం రాసే రాతనీ రెండింటినీ ఆ ఏళ్ళ పక్కన పెట్టి చూడాలని నా ఆలోచన.

భద్రత అంటే పోలీసు స్టేషనేనా?

ఏజెన్సీ ఎందుకు వెనకబడింది అని అడిగితే ఎప్పుడూ వినిపించే జవాబు ఒకటుంది. అక్కడ శాంతిభద్రతలు లేవు, అందుకే రోడ్లు పడలేదు, బళ్ళు నడవలేదు, బ్యాంకులు రాలేదు అంటారు. ఇది పూర్తిగా అబద్ధమని నేను అనను. రాత్రి వచ్చి అన్నం అడిగినవాళ్ళకి పెట్టినందుకు పగలు వచ్చినవాళ్ళ ప్రశ్నలకి నిలబడాల్సిన ఊళ్ళు నాకు తెలుసు. ఆ ఊళ్ళలో పిల్లవాడు ఒక వారం బడికి రాకపోతే ఎందుకు రాలేదని అడగడానికి కూడా టీచరు వెనకాడేవాడు. రెండు వైపులా తుపాకీ ఉన్నచోట మధ్యలో ఉన్నవాడు మాట తగ్గిస్తాడు. మాట తగ్గితే గ్రామసభ జరగదు. గ్రామసభ జరగకపోతే ఏ పనీ మన పని కాదు, కాంట్రాక్టరు పని అవుతుంది. అంతవరకు ఆ వాదన నిజమే.

కానీ వరస తప్పు. ముందు కల్లోలం వచ్చి తర్వాత పేదరికం రాలేదు. 1879లో రంప తిరగబడింది ఎందుకు? మన్సబుదారు దౌర్జన్యం ఒకటి, కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒకటి. మైదానం నుంచి వచ్చిన వ్యాపారులు కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్నీ పంటనీ పట్టుకుపోవడం ఇంకొకటి. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం నడిచింది ఎందుకు? అడవి మీద ఆంక్షలు, గూడెం ఘాట్ రోడ్డు మీద కూలి సరిగా ఇవ్వకుండా చేయించిన చాకిరీ. రెండుసార్లూ ముందు పోయింది భూమి మీద, అడవి మీద, తిండి మీద ఉన్న నమ్మకం. తిరుగుబాటు తర్వాత వచ్చింది. పోలీసులు ఆ తర్వాత వచ్చారు. చివర వచ్చినదాన్ని తీసుకొచ్చి మొదట పెట్టి, కారణం అదేనని చెప్పడం మంచి చరిత్ర కాదు. నేను ఐదో తరగతి పిల్లలకి కథలోని సంఘటనలు వరసగా రాయమని అడుగుతాను. వాళ్ళు ఇలా రాస్తే సగం మార్కులు కూడా వెయ్యను.

డెల్టా మనకి చెప్పే పాఠం

అభద్రత ఊరిని ఏం చేస్తుందో, భద్రత ఏం చేస్తుందో తెలియాలంటే దూరం వెళ్ళక్కర్లేదు. రాజమండ్రి దిగితే చాలు. ఈ రోజు కోనసీమ కొబ్బరి, తణుకు వరి అంటే అందరికీ లోకువ లేని పేర్లు. కానీ ఆ నేల ఎప్పుడూ అలా లేదు. రాజమండ్రి జిల్లాలో 1821లో 7 లక్షలకు పైగా ఉన్న జనం 1841 నాటికి సుమారు 5 లక్షల 60 వేలకు పడిపోయారు. కరువుకి చచ్చినవాళ్ళు చావగా, వలస పోయినవాళ్ళు పోయారు. పక్కనే నిండు గోదావరి పారుతోంది. కానీ ఏ ఏడు నీళ్ళు పొలానికి వస్తాయో, ఏ ఏడు పొలాన్ని ముంచుతాయో తెలియదు. నేల మంచిదే, మనుషులు కష్టజీవులే, లేనిది రేపటి మీద నమ్మకం.

1847లో మొదలై 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కింద ఇప్పుడు సుమారు 10 లక్షల ఎకరాలు తడుస్తోంది. కాటన్ దొర విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. ఆయన ఇచ్చింది నీళ్ళు అని అందరూ అంటారు. నా ఉద్దేశంలో ఆయన ఇచ్చింది తేదీ. ఫలానా నెలలో కాలవకి నీళ్ళు వదులుతారు అని తెలిసింది. తేదీ తెలిసినవాడు అప్పు తెచ్చి నారు పోస్తాడు, గట్టు వేస్తాడు, కొబ్బరి పెడతాడు, పిల్లవాణ్ణి చదువుకి పంపుతాడు. డెల్టా చదువులూ, సినిమా హాళ్ళూ, పంచదార మిల్లులూ అన్నీ ఆ తేదీ మీద లేచినవే.

అదే డెల్టాలో ఆ నమ్మకం చెదిరినచోట ఏం జరిగిందో కూడా చూశాం. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. నీళ్ళున్న భూమిని బీడు పెట్టారు. గిట్టుబాటు ధర వస్తుందో రాదో, కోత నాటికి కూలీలు దొరుకుతారో లేదో, మురుగు కాలవలు పూడి చేలు మునుగుతాయో తెలియకే ఆ పని చేశారు. ఇప్పుడు డెల్టాలో నిజంగా చేలో దిగేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకి కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆ కార్డు పదకొండు నెలలది. పదకొండు నెలల కాగితం చేతిలో ఉన్నవాడు ఇంకొకరి పొలంలో జీలుగ చల్లి, కలియదున్ని నేలకి బలం ఎందుకు పెడతాడు? వచ్చే ఏడు ఆ బలం ఎవరిదో? యూరియా చల్లి ఈ పంట తీసుకుని పోతాడు. నేల పాడయిందని ఆ తర్వాత వాణ్ణే తిడతారు.

కాబట్టి ఇది ఆదివాసులకి మాత్రమే ఉన్న జబ్బు కాదు. మనకి ముదిరింది, అంతే తేడా.

కాగితం మీద మనది, చేతిలో కాదు

ఏజెన్సీ భూమిని కాపాడటానికి చట్టాలు లేవని ఎవరూ అనలేరు. 1917లోనే బ్రిటిషువాళ్ళు గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకి చట్టం చేశారు. 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చింది. దాన్ని 1970లో సవరించారు. మనం 1/70 అని పిలుచుకునేది అదే. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే అని ఆ చట్టం చెప్తుంది. ఇంత గట్టి చట్టం దేశంలో చాలా చోట్ల లేదు. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు దానికి ఇంకా బలం ఇచ్చింది.

మరి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో 1990లలో కోయలు ఎర్రజెండాలు, తెల్లజెండాలు పట్టుకుని పొలాల్లో ఎందుకు దిగాల్సి వచ్చింది? చట్టం ప్రకారం కేసు గెలిచిన భూమిలో కూడా కాలు పెట్టనివ్వలేదు కాబట్టి. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో గెలుస్తాం. అవతలివాడు అప్పీలుకి పోతాడు, ఆ తర్వాత హైకోర్టుకి పోయి స్టే తెస్తాడు. తాత వేసిన కేసు మనవడి చేతికి వస్తుంది. ఈ మధ్యలో ఆ భూమి మీద ఏ పనీ జరగదు. గెలుస్తామో లేదో తెలియని భూమిలో ఆదివాసీ బావి తవ్వడు. పోతుందో ఉంటుందో తెలియని భూమిలో అవతలివాడు పొగాకు వేసి, బోరు వేసి, ఉన్నన్నాళ్ళు పిండుకుంటాడు. నష్టపోయేది నేల, ఊరు.

పోడు సంగతీ అంతే. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా, హక్కు ఇవ్వమంది. భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా ఇవ్వమంది. మా బంధువుల్లో ఇద్దరు అన్నదమ్ములున్నారు. పక్కపక్కనే పోడు. అన్నకి పట్టా వచ్చింది, తమ్ముడి దరఖాస్తు కొలతల దగ్గర ఆగిపోయింది. అన్న రెండేళ్ళలో రాళ్ళు ఏరి గట్టు వేశాడు, జీడిమామిడి పెట్టాడు. తమ్ముడు ఇప్పటికీ ఏటా కొండచీపుళ్ళు, కందులు, జొన్నలు వేస్తాడు. ఫారెస్టువాళ్ళు వచ్చి పీకేసినా పోయేది ఒక ఏడాది కష్టమే కదా అంటాడు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే, ఒక్కలాగే కష్టపడతారు. వాళ్ళ మధ్య తేడా ఒక కాగితం. ఈ ఇద్దరి పొలాల మధ్య నిలబడి ఆదివాసులకి వ్యవసాయం రాదు అని ఎవరైనా అనగలరా?

ఆ తమ్ముడి దగ్గరికి బ్యాంకు రాదు, షావుకారు వస్తాడు. కాగితం లేనివాడికి అప్పిచ్చేది అతనొక్కడే. సంక్రాంతికి ఇంట్లో గింజలు అయిపోతాయి. అప్పు తీసుకుని చింతకాయ చెట్టు మీద ఉండగానే రాసిస్తాడు, జీడితోట ఉన్నవాడు పూత మీదే రాసిస్తాడు. సంతలో ధర ఎంతున్నా అతనికి అందేది ముందే ఒప్పుకున్న ధర. గిరిజన సహకార సంస్థ 1956 నుంచీ ఉంది. మంచి ధర పెట్టిన ఏళ్ళూ ఉన్నాయి. కానీ జనవరిలో ఆకలి వేస్తే ఏప్రిల్‌లో వచ్చే మంచి ధర ఏం చేసుకోవాలి? షావుకారు అమ్మేది డబ్బు కాదు, ఈ మూడు నెలలు గడుస్తాయనే ధైర్యం. దానికి తీసుకునే వడ్డీ మన చెట్టు.

ఇక్కడ మనవైపు తప్పు కూడా చెప్పుకోవాలి. 1/70ని బయటివాళ్ళొక్కరే దాటలేదు. మన పేరు అరువిచ్చినవాళ్ళు మనలో ఉన్నారు. మన ఆడపిల్ల పేరున భూమి పెట్టి, పెత్తనం ఇంకొకడు చేసే ఇళ్ళు ప్రతి మండలంలో ఉన్నాయి. ఆ పిల్లకి ఆ భూమిలో హక్కు లేదు, ఊళ్ళో మాట లేదు. మన సంఘాల సభల్లో ఈ సంగతి ఎత్తితే తల దించుకుంటాం, ఆ పిల్లనే తప్పుపడతాం. పేరు అడిగినవాణ్ణి వదిలేస్తాం.

ఎదురుచూపు కూడా ముంపే

పోలవరం మాట కొత్తది కాదు. అంజయ్య గారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడే శంకుస్థాపన జరిగింది. 2004 తర్వాత పనులు మళ్ళీ మొదలయ్యాయి. 2014 విభజన చట్టంతో జాతీయ ప్రాజెక్టు అయింది. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్ళించారు. పూర్తి మట్టం 45.72 మీటర్లు. మొదటి దశ అంటూ 41.15 మీటర్ల లెక్క ఇంకొకటి. ఊళ్ళు 370 దాకా, కుటుంబాలు లక్షకు పైగా. వాళ్ళలో పెద్ద భాగం ఆదివాసులు. ఈ అంకెలన్నీ అందరికీ తెలిసినవే.

తెలియనివి కొన్ని రాస్తాను. ముంపు జాబితాలో చేరిన మా ఊళ్ళో ఆ పదమూడేళ్ళలో ఒక్క కొత్త ప్రభుత్వ ఇల్లు మంజూరు కాలేదు. ఎలాగూ పోయే ఊరు కదా అన్నారు. ఆ మాట న్యాయంగానే వినిపిస్తుంది. కానీ పదమూడేళ్ళలో పెళ్ళిళ్ళు ఆగవు. ఒక పాక కింద మూడు కాపురాలు ఉన్నాయి. బడికి అదనపు గది అడిగాం. ఎలాగూ పోయే ఊరు. మంచినీళ్ళ ట్యాంకు పగుళ్ళిచ్చింది. ఎలాగూ పోయే ఊరు. చివరికి మనవాళ్ళకీ ఆ మాటే అలవాటయింది. పైకప్పు గడ్డి మార్చమంటే మా పెదనాన్న ఎలాగూ పోయే ఊరు కదరా అనేవాడు. అధికారి నోట్లో పుట్టిన మాట ఆదివాసీ నోట్లో స్థిరపడింది. నా దృష్టిలో ఇదే పెద్ద ముంపు.

పిల్లల లెక్క ఒకటుంది. పద్దెనిమిదేళ్ళు నిండినవాణ్ణి వేరే కుటుంబంగా గుర్తిస్తారు. సర్వే నాటికి పదిహేనేళ్ళున్నవాడు ఊరు ఖాళీ చేసేనాటికి ఇద్దరు బిడ్డల తండ్రి. కానీ కాగితంలో ఇంకా తండ్రి కింద పిల్లవాడే. పునరావాసం కింద ఆదివాసీ కుటుంబానికి 6.86 లక్షలు అని లెక్క కట్టారు. ఆ జాబితాలో పేరు లేనివాడికి ఆ లెక్క వర్తించదు. ఆలస్యం చేసింది ప్రభుత్వం, వయసు మీరింది పిల్లవాడికి. పెళ్ళి చేసుకుంటే పేరు పోతుందేమో, చేసుకోకపోతే పేరు రాదేమో అని తెలియక నా దగ్గరికి వచ్చి అడిగిన కుర్రాళ్ళున్నారు. నాకూ తెలియలేదు.

వరద సంగతి. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులు. మా పెద్దవాళ్ళని అడిగితే 86 వరద పెద్దదే, కానీ వచ్చింది, ఒండ్రు పెట్టి పోయింది, మేం కిందికి దిగి పొగాకు, మిరప వేసుకున్నాం అంటారు. ఇప్పటి వరద అలా పోదు. నీళ్ళు నిలిచిపోతాయి. దిగి మళ్ళీ ఇల్లు కట్టుకోవాలా, గుట్ట మీదే టార్పాలిన్ కింద ఉండాలా, కాలనీకి పోవాలా? ప్రతి జులైలో ఇదే ప్రశ్న. ఏడాదికి రెండు నెలలు బడి గుట్ట ఎక్కితే పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నట్టు?

జిల్లా కూడా మనకి నిలకడగా లేదు. చింతూరు వైపు 1959 దాకా తూర్పు గోదావరి, ఆ తర్వాత ఖమ్మం, 2014లో మళ్ళీ తూర్పు గోదావరి, 2022 ఏప్రిల్‌లో అల్లూరి జిల్లా. అలా చేరిన జిల్లాకి కేంద్రం పాడేరు, చింతూరుకి 200 కిలోమీటర్ల పైన ఉండేది. మనిషి కదలలేదు, గుమ్మం ముందు జిల్లా మారింది. కుల ధ్రువీకరణ ఒక జిల్లా పేరుతో, ఆధార్ ఇంకో జిల్లా పేరుతో, పదో తరగతి సర్టిఫికెట్ మూడో పేరుతో ఉన్న పిల్లల్ని కాలేజీ కౌంటరు దగ్గర నిలబెట్టి చూడండి.

నా ఉద్యోగం సంగతి

నేను ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివినవాణ్ణి. 2000 జనవరి 10న వచ్చిన జీవో 3 షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. నేనూ, నాతో చదివినవాళ్ళూ అలా బళ్ళలోకి వచ్చాం. దాని ఫలితం ఒక్క మాటలో చెప్తాను. అంతకు ముందు సోమవారం మధ్యాహ్నం వచ్చి శుక్రవారం పొద్దున్నే దిగిపోయే టీచర్లుండేవారు. మేం ఊళ్ళోనే ఉన్నాం. ఒకటో తరగతి పిల్ల కోయలో ఏడిస్తే కోయలోనే ఓదార్చాం.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికే చేరినవాళ్ళని తీసెయ్యలేదు, కానీ ప్రభుత్వాలు మళ్ళీ ఇలాంటి పని చేయకూడదనే షరతు మీద ఉంచింది. న్యాయం ఎవరివైపు ఉందో వాదించేవాళ్ళు వాదించనివ్వండి. నేను చెప్పేది నా కళ్ళ ముందు జరిగింది. ఇంటర్ పాసైన మా ఊరి ఆడపిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురైనా డి.ఎడ్. గురించి అడిగేవారు. ఆ తీర్పు తర్వాత అడగడం మానేశారు. పోస్టు వస్తుందో రాదో సార్, రెండేళ్ళు ఎందుకు, జీడిపప్పు ఫ్యాక్టరీకి పోతే ఈ నెల నుంచే వస్తాయి అంటారు. మామిడి టెంక సంగతే ఇక్కడా. చదువు కూడా ఆరేడేళ్ళకి కాసే చెట్టే.

భద్రత ఇస్తే మనుషులు సోమరులవుతారని కొందరు పెద్దమనుషులు అంటారు. వాళ్ళకి నన్ను చూపిస్తాను. నెలకింత అని జీతం ఖాయమయ్యాక నేను చేసిన మొదటి పని చెల్లెల్ని నర్సింగుకి పంపడం. రెండోది షావుకారు దగ్గర మా చింతచెట్లు విడిపించుకోవడం. జీతం ఉన్నా తాగి పాడైనవాళ్ళు లేరా అంటే ఉన్నారు, మా తోటి టీచర్లలోనే ఉన్నారు. పరిహారం డబ్బుతో ఏడాది తిరక్కుండా మోటారు సైకిళ్ళు కొని, మద్యం తాగి ఖాళీ చేసినవాళ్ళూ ఉన్నారు. కానీ భూమి పోగొట్టుకున్నవాడి చేతిలో ఒక్కసారిగా డబ్బు పోస్తే అది భద్రత కాదు. భద్రత అంటే నెల నెలా వచ్చేది, ఏడాది ఏడాదీ పండేది. 2013 భూసేకరణ చట్టం భూమి కోల్పోయిన ఎస్సీ, ఎస్టీలకి పోయినంత భూమి గానీ, రెండున్నర ఎకరాలు గానీ, ఏది తక్కువైతే అది ఇమ్మంది. భూమికి భూమి అనే మాట ఆ చట్టంలో ఊరికే రాలేదు.

మనకంటే కింద ఉన్నవాళ్ళు

2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం కల్లోలం తట్టుకోలేక గుత్తికోయలు సరిహద్దు దాటి చింతూరు, వి.ఆర్.పురం, కూనవరం వైపు అడవుల్లోకి వచ్చారు. 2011 జులైలో సుప్రీంకోర్టు సల్వాజుడుం చట్టవిరుద్ధమని చెప్పింది. అయినా వచ్చినవాళ్ళలో చాలామంది వెనక్కి పోలేదు. మన భాషే, మన దేవుళ్ళే. వాళ్ళ గుడిసెలు ఎప్పుడు పీకేస్తారో తెలియదు. కుల ధ్రువీకరణ దొరకడం కష్టం. అందుకే వాళ్ళ ఊళ్ళకి గోడలుండవు, తడికలే ఉంటాయి. అభద్రత ఊరిని ఎలా కడుతుందో చూడాలంటే అక్కడికి వెళ్ళాలి.

మనం వాళ్ళని ఏమంటున్నాం? అడవి నరికేస్తున్నారు అంటున్నాం. మన కూలి రేటు పడగొట్టారు అంటున్నాం. మైదానంవాళ్ళు మనల్ని అన్న మాటలే ఇవి. మన సంఘాల తీర్మానాల్లో వాళ్ళ ఊసు ఎక్కడుందో వెతికితే ఫిర్యాదుల్లో ఉంటుంది, డిమాండ్లలో ఉండదు. భయంలో బతికినవాడు తనకంటే భయపడేవాణ్ణి చూసి ధైర్యం తెచ్చుకుంటాడు. ఇది కూడా అభద్రత చేసే పనే. అది జనాన్ని ఒక్కటి చెయ్యదు, విడగొడుతుంది.

మన రాతల గురించి

చివరికి మన సాహిత్యం. ముంపు మీద వచ్చిన కవితలు, కథలు చాలావరకు చదివాను. కొన్ని నేనూ రాశాను. వాటిల్లో గోదావరి తల్లి ఉంది, పాపికొండలున్నాయి, ఇప్పచెట్టు ఉంది, కన్నీళ్ళున్నాయి. అవి అబద్ధాలు కావు. కానీ వాటి ప్రకారం మన ఊరు నిన్నటిదాకా స్వర్గం, నీళ్ళొచ్చిన రోజు నరకం. ఆ మధ్యలో పదమూడేళ్ళు మారని పైకప్పు లేదు, పూత మీద అమ్మిన జీడితోట లేదు, పేరు అరువిచ్చిన ఇల్లు లేదు, పద్దెనిమిది నిండని పెళ్ళికొడుకు లేడు. అడవిలో చెప్పుల్లేకుండా నడిచే ఆడది కవితలో అందంగా ఉంటుంది. ఆమె ఏ కాగితం కోసం మండల ఆఫీసుకి ఎన్నిసార్లు నడిచిందో మనం రాయలేదు.

ఇందుకు కారణం ఉంది. ఏడిస్తే బయటివాళ్ళు చప్పట్లు కొడతారు. లెక్క చెప్తే గొడవ పెట్టుకుంటారు. కానీ మనం ఏడుపు మాత్రమే రాస్తే ఒక ప్రమాదం ఉంది. పాత ఊరి మీద బెంగ మాత్రమే మన సమస్య అనుకుంటారు. బెంగకి చట్టంలో పరిహారం లేదు. ఆగిపోయిన పదమూడేళ్ళకి ఉండాలి, కనీసం ఎవరైనా అడగాలి.

నా సూచన చిన్నది. మనలో రాసేవాళ్ళు చాలామంది టీచర్లం. మన చేతిలో హాజరు పట్టీ ఉంది. ఏ ఏడు ఎంతమంది పిల్లలు వరదకి బడి మానారు, ఏ ఇంటికి ఏ కాగితం రాలేదు, ఏ పిల్లవాడి పేరు ఏ జాబితాలో తప్పింది, ఏ తోట ఏ నెలలో ఎవరికి రాసిచ్చారు అని ఊరూరా ఒక నోటుబుక్కులో రాద్దాం. తేదీతో రాద్దాం. కవిత కూడా రాద్దాం, కానీ ఆ నోటుబుక్కు పక్కన పెట్టుకుని రాద్దాం. ప్రభుత్వాన్ని మొదట అడగాల్సింది కూడా తేదీనే. ఏ రోజు నీళ్ళు నింపుతారు, ఆ రోజుకి ఎన్నాళ్ళ ముందు భూమి చూపిస్తారు, ఊరు ఖాళీ చేసే రోజుకి పద్దెనిమిది నిండినవాళ్ళని ఎప్పుడు లెక్కిస్తారు. ఈ మూడింటికీ రాతమూలకంగా జవాబు రాని చోట అభివృద్ధి అనే మాట వాడకుండా ఉంటే బాగుంటుంది.

మేం ఇప్పుడు కాలనీలో ఉంటున్నాం. సిమెంటు రోడ్డు, కరెంటు, వీధి కుళాయి ఉన్నాయి, లేవనను. పోయిన వానాకాలం మా అమ్మ ఇంటి వెనక ములగ కొమ్మ పాతింది. ములగ ఏడాదిలో కాస్తుంది. మామిడి పెట్టకపోయావా అమ్మా, స్థలం ఉందిగా అన్నాను. నా వైపు చూడకుండా మన్ను అదుముతూ, ఇంటి పట్టా రానీరా, చూద్దాం అంది.